మతదారర పట్టి అంటే ఏమిటి? – బళ్ళారి తెలుగువాళ్ళ పౌర పాఠాల సంగతి

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాం. తీరిక చేసుకుని చదవండి.

1953 సెప్టెంబరు 30 రాత్రి మన బళ్ళారి పెద్దలు మద్రాసు రాష్ట్రంలో పడుకున్నారు. మర్నాడు పొద్దున మైసూరు రాష్ట్రంలో లేచారు. ఎవరూ మూట సర్దుకోలేదు, బండి కట్టలేదు. అదే ఇల్లు, అదే కోటగుట్ట. మారింది సర్కారు, దాని వెంట మెల్లగా సర్కారు భాష.

ఆ కథ మనలో చాలామందికి తెలిసిందే, కానీ మన పిల్లలకు తెలీదు. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. మన జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. హొసపేట, సిరుగుప్ప, కూడ్లిగి, హడగలి, హరపనహళ్ళి, సండూరు మైసూరుకు వెళ్ళాయి. తేలనిది ఒక్క బళ్ళారి తాలూకా. దాన్ని తేల్చడానికి హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రా గారిని వేశారు. ఆయన నివేదిక తర్వాత అదీ మైసూరుకే వెళ్ళింది. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం మళ్ళీ బళ్ళారి, హొసపేట, సిరుగుప్పలను తుంగభద్ర ప్రాజెక్టు దృష్ట్యా ఆంధ్రలో కలపమంది. ఢిల్లీ ఒప్పుకోలేదు. అప్పుడు ఎవరిది న్యాయం అన్న తగాదాలోకి మేము పోదల్చుకోలేదు. డెబ్బై ఏళ్ళు దాటింది. కన్నడం మన ఇంటి పక్క భాష కాదిప్పుడు, మన ఇంట్లో భాషే.

మేము చెప్పదల్చింది వేరే. ఎక్కడైనా వలస వెళ్ళినవాడు సరిహద్దు దాటుతాడు. ఇక్కడ సరిహద్దే మనల్ని దాటింది. ఆ తర్వాత నిజంగా వలస వచ్చినవాళ్ళూ కలిశారు. తుంగభద్ర కాలువలకు నీళ్ళు వదలడం మొదలయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు సిరుగుప్ప, కంప్లి, గంగావతి, సింధనూరు వైపు వచ్చి భూములు కొని వరి నాటారు. వాళ్ళు దిగిన చోట్లను ఈనాటికీ క్యాంపులే అంటాం. ఇక్కడే పుట్టిన పాతవాళ్ళు, కోస్తా నుంచి వచ్చిన కొత్తవాళ్ళు, ఇద్దరికీ ఎదురైన చిక్కు ఒక్కటే: కొత్త సర్కారు కాగితం చదివి అర్థం చేసుకోవడం. 1963లో మైసూరు రాష్ట్రం అధికార భాషా చట్టం చేశాక ఆ కాగితం కన్నడంలోకి రావడం ఇంకా పెరిగింది.

"లిపి ఒకేలా ఉంటుంది కదా, కష్టమేముంది?" అని బయటివాళ్ళు అడుగుతుంటారు. అసలు తంటా అక్కడే. కన్నడ అక్షరాలు తెలుగువాడు సగానికి పైగా కూడబలుక్కుని చదివేస్తాడు, అర్థమైందనే అనుకుంటాడు. 'మతదారర పట్టి' అన్న బోర్డు చూసి, మతాన్ని బట్టి రాసిన పట్టిక కాబోలు అనుకునే అవకాశం ఎంత ఉందో చూడండి. కన్నడంలో మతం అంటే ఓటు కూడా. మతదారర పట్టి అంటే ఓటర్ల జాబితా. ఫారంలో 'జాతి' అని ఉంటే మనకు తెలుగు జాతి, భారత జాతి గుర్తొస్తాయి. అక్కడ అడిగేది కులం. చునావణె ఎన్నిక, తెరిగె పన్ను, పడితర చీటి రేషన్ కార్డు. హక్కు, అర్జీ మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే. అదొక అదృష్టం!

ఇలాంటి చోట్ల ఏం చేయాలో దేశం ఆలోచించకపోలేదు. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చుని, బడిలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలుంటే మాతృభాషలో చెప్పే అయ్యవారిని పెట్టాలని ఒప్పుకున్నారు. 1956లో రాజ్యాంగ ఏడో సవరణతో 350ఎ, 350బి అధికరణాలు వచ్చాయి. మొదటిది ప్రాథమిక దశలో మాతృభాషా చదువుకు, రెండోది భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేక అధికారికి. 1957లో ఆ కమిషనర్ ఆఫీసు అలహాబాదులో మొదలైంది. బళ్ళారి నుంచి అలహాబాదుకు అర్జీ పంపే ఓపిక ఎందరికి ఉంటుందో మీరే చెప్పండి.

వీటన్నిటికంటే మనకు ముఖ్యమైనది, మనలో దాదాపు ఎవరూ వినని మాట ఒకటుంది. 1956లోనే కేంద్రం రాష్ట్రాలకు పంపిన రక్షణల పత్రంలో ఇలా ఉంది: ఒక జిల్లాలో గాని, మునిసిపాలిటీ, తాలూకా వంటి చిన్న ప్రాంతంలో గాని ఒక భాష వాళ్ళు 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన సర్కారు నోటీసులు, నియమాలు వాళ్ళ భాషలో కూడా అచ్చు వేయడం మంచిది. బళ్ళారి తాలూకా ఈ కొలతకు అందుతుందా అని వేరే లెక్క వేయనక్కర్లేదు, బజారులో ఒక గంట నిలబడితే చాలు. ఇది చట్టం కాదు, సలహా లాంటిది. అడిగేవాడుంటేనే కదలిక.

ఇక కొంచెం దూరం పోదాం. అమెరికాలో వందేళ్ళ కింద ఇదే వాదం చాలా గట్టిగా నడిచింది. 1910లో జాన్ ఫాస్టర్ కార్ అనే ఆయన ఇటలీ నుంచి వచ్చిన కూలీల కోసం ఇటాలియన్ భాషలోనే ఒక చిన్న పుస్తకం వేశాడు. ఇంగ్లీషు ఎలా నేర్చుకోవాలి, డబ్బు ఎక్కడ దాచాలి, ఏ చట్టాలున్నాయి, పౌరుడు కావాలంటే ఏం చేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత యిడ్డిష్, పోలిష్ భాషల్లోనూ వచ్చింది. దాన్ని వెనకుండి వేయించింది కనెక్టికట్‌లోని డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ మహిళలు. తమ దేశభక్తి గురించి ఎవరూ వేలెత్తకూడదనుకునే రకం వాళ్ళు. వాళ్ళకు లేని భయం మనకెందుకో మాకు అర్థం కాదు.

అయితే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి గాలి తిరిగింది. నెబ్రాస్కాలో 1919లో ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు ఇంగ్లీషు తప్ప వేరే భాష నేర్పకూడదని చట్టం చేశారు. రాబర్ట్ మేయర్ అనే పంతులు పదేళ్ళ పిల్లవాడికి జర్మన్‌లో బైబిలు కథలు చదివించినందుకు 25 డాలర్ల జరిమానా పడింది. ఆయన కట్టకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1923లో గెలిచాడు. ఆ మెచ్చుకోలు పూర్తిగా ఇవ్వబుద్ధి కాదు లెండి, ఎందుకంటే అదే ఏడాది అదే కోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులకు అమెరికా పౌరసత్వం చెల్లదంది. ఆ తలుపు 1946లో గాని తెరుచుకోలేదు.

మలయాలోనూ ఒక సంగతి ఉంది. రబ్బరు తోటలకు వెళ్ళిన తెలుగువాళ్ళు 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. రెండేళ్ళకు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. పౌరసత్వానికి మలయ్ భాష కొద్దిగానైనా రావాలన్నారు గాని, మొదటి ఏడాదిలో దరఖాస్తు పెట్టినవాళ్ళకు ఆ షరతు సడలించారు. ఒక్క ఏడాది! తోటలో పాలు గీసుకునే మనిషికి ఆ కబురు తన భాషలో చెవిన పడటానికీ పడకపోవడానికీ ఎంత తేడానో ఆలోచించండి.

అమెరికాలో ఈనాటి నియమం కూడా మనవాళ్ళకు పనికొస్తుంది. 50 దాటి 20 ఏళ్ళు, లేదా 55 దాటి 15 ఏళ్ళు గ్రీన్ కార్డుతో ఉన్నవాళ్ళు ఇంగ్లీషు పరీక్ష లేకుండా పౌర పాఠం పరీక్షను దుబాసీ సాయంతో తెలుగులోనే ఇవ్వొచ్చు. పిల్లల దగ్గరికి వెళ్ళి అక్కడే స్థిరపడిన మన సభ్యుల తల్లిదండ్రులకు ఈ మాట చేరవేయండి.

ఇప్పుడు ఇంటి సంగతి. పహణి చదవడం, ఓటరు ఫారం నింపడం, సమాచార హక్కు అర్జీ రాయడం తెలుగులో చెప్పే ఆదివారం తరగతి పెడదామంటే సంఘంలో రెండు మాటలు వచ్చాయి. కర్ణాటకలో ఉండి తెలుగులో చెబితే తప్పుగా చూస్తారని కొందరు పెద్దలు, అసలు తెలుగు చదవడమే రాని పిల్లలకు ఇదెందుకని కొందరు యువకులు. రెండో మాటకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. తెలుగు మీడియం బడి నుంచి మనమే పిల్లల్ని ఇంగ్లీషు కాన్వెంటుకు మార్చుకుంటూ వచ్చాం. కానీ ఫారం పట్టుకుని తాలూకా ఆఫీసు ముందు నిలబడే అత్తమ్మలు, క్యాంపుల్లో కొత్తగా దిగిన కౌలు కుటుంబాలు తెలుగులోనే అడుగుతారు. మొదటి మాటకు మాత్రం జవాబుంది: ఆ తరగతిలో నేర్పేది కన్నడ కాగితాన్నే. అర్థం తెలుగులో చెబుతాం, సంతకం కన్నడంలో నేర్పుతాం.

మొదటి ఆదివారం పాఠం మతదారర పట్టి. మీ ఇళ్ళలో 1953కు ముందటి తెలుగు పన్ను రసీదులు, బడి వాచకాలు, ఓటరు చీటీలు ఉంటే పారేయకండి. ఫొటో తీసి పంపినా చాలు, పాఠంలో పక్కపక్కన పెట్టి చూపిస్తాం.