డబ్బా పాలపై బహిష్కరణ

పసిబిడ్డల పాల వ్యాపారం మీద తిరుగుబాటు 1977లో మొదలైందని చాలామంది రాస్తారు. కానీ మొదటి గొంతు 1939లోనే లేచింది. సింగపూర్‌లో పనిచేస్తున్న డాక్టర్ సిసిలీ విలియమ్స్ అక్కడి రోటరీ క్లబ్‌లో ఒక ప్రసంగం చేశారు. తల్లిపాలు మాన్పించి తీపి డబ్బా పాలు అంటగట్టే ప్రచారం వల్ల పోతున్న ప్రాణాలను హత్యలుగానే లెక్కించాలన్నారు. ఆ ప్రసంగం పేరే ‘పాలు, హత్య’. అప్పుడే విని ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో!

రెండో ప్రపంచ యుద్ధానంతరం డబ్బా పాల కంపెనీలు ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల్లో మార్కెట్ వెతుక్కున్నాయి. ఆ కంపెనీల్లో అన్నిటికన్నా పెద్దది స్విట్జర్లాండ్‌కు చెందిన నెస్లే. నర్సుల్లా తెల్లబట్టలు వేసుకున్న సేల్స్ మహిళలు కాన్పు వార్డులకు వచ్చి, బాలింత చేతిలో ఉచితంగా ఓ డబ్బా పెట్టి వెళ్లేవారు. అది అయిపోయేసరికి బిడ్డకు సీసా అలవాటయ్యేది, తల్లికి పాలు తగ్గిపోయేవి. ఇక కొనక తప్పదు. కూలి డబ్బులు చాలక ఆ తల్లి పొడి తగ్గించి, నీళ్లు ఎక్కువ పోసి కలిపేది. ఆ నీళ్లు శుభ్రమైనవి కావు. సీసా, పాలపీక ప్రతిసారీ మరిగించడానికి వంటచెరకు ఉండదు. డబ్బా మీది సూచనలు చదవడం రాదు. బిడ్డకు విరేచనాలు పట్టుకునేవి, ఒళ్లు ఎండిపోయేది. ఇందులో తల్లి తప్పు ఇసుమంతైనా లేదు.

1974లో బ్రిటన్‌లోని ‘వార్ ఆన్ వాంట్’ సంస్థ ఈ సంగతులన్నీ ‘ది బేబీ కిల్లర్’ అనే చిన్న పుస్తకంగా అచ్చువేసింది. దాన్ని జర్మన్‌లోకి తెచ్చిన స్విస్ బృందం, నెస్లే పిల్లల్ని చంపుతోందని శీర్షికలోనే పెట్టేసింది. కంపెనీ పరువునష్టం దావా వేసింది. 1976లో బెర్న్ కోర్టు ఆ శీర్షికను తప్పుపట్టి బృంద సభ్యులు ఒక్కొక్కరికి 300 ఫ్రాంకుల జరిమానా విధించింది. అదే తీర్పులో న్యాయమూర్తి కంపెనీ తన ప్రచార పద్ధతులు మార్చుకోవాలనీ చెప్పారు. కేసు గెలిచింది కంపెనీ, పరువు పోయిందీ కంపెనీదే. అంతవరకూ ఈ గొడవ తెలియని దేశాలకు కూడా దావా పుణ్యమా అని తెలిసింది.

1977 జులై 4న అమెరికాలో ‘ఇన్‌ఫాక్ట్’ అనే బృందం నెస్లే సరుకులు కొనవద్దని పిలుపునిచ్చింది. చర్చిలు, విద్యార్థులు, కార్మిక సంఘాలు కలిసివచ్చాయి. మరుసటి ఏడాది సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ జరిపిన విచారణలో, శుభ్రమైన నీళ్లు లేనిచోట ఈ పొడి అమ్మడానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. నీటి సరఫరాకు తామెలా బాధ్యులమన్నది కంపెనీ ప్రతినిధి జవాబు. ఉద్యమానికి అంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేకపోయింది.

1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకాలపై అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. అనుకూలంగా 118 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటి. ఆ ఒక్కటీ అమెరికాది. నియమావళిని పాటిస్తామని నెస్లే మాటిచ్చాక 1984లో బహిష్కరణ ఆగింది. ఆస్పత్రులకు ఉచిత డబ్బాలు మాత్రం ఆగలేదు. దాంతో 1988లో బహిష్కరణ మళ్లీ మొదలైంది.

నా దృష్టిలో ఈ ఉద్యమం సాధించింది అమ్మకాలు తగ్గించడం కాదు, చట్టాలు తేవడం. మన దేశంలో 1992లో వచ్చిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ఆ వరుసలోదే. డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, డబ్బాపై పసిపాప బొమ్మ వేయకూడదు, బాలింతలకు ఉచిత నమూనాలు పంచకూడదు. 2003 సవరణతో రెండేళ్లలోపు పిల్లలకు అమ్మే ఆహారాలన్నిటికీ ఈ కట్టడి వర్తించింది.

అయినా 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ, ఐబీఫ్యాన్ సంస్థలు మరో నిజం బయటపెట్టాయి. అప్పట్లో మన దగ్గర నెస్లే అమ్మిన సెరెలాక్‌లో పైనుంచి కలిపిన చక్కెర ఉండేది, జర్మనీ, బ్రిటన్‌లలో అమ్మిన అలాంటి సరుకులో లేదు. నిబంధనల మేరకే అమ్ముతున్నామనీ, ఐదేళ్లలో చక్కెరను 30 శాతం వరకు తగ్గించామనీ కంపెనీ వాదన. అక్కడి బిడ్డకు అక్కర్లేని చక్కెర ఇక్కడి బిడ్డకు ఎందుకన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

మీ ఇంట్లో కాన్పు జరిగినప్పుడు ఆస్పత్రిలో ఎవరైనా ఉచితంగా పాలడబ్బా చేతిలో పెడితే తీసుకోకండి. అది చట్టవిరుద్ధమని వాళ్లకు చెప్పండి, ఫిర్యాదు చేయండి. పిల్లల ఆహారం కొనేటప్పుడు డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదివాకే డబ్బులివ్వండి.