గుమ్మం దాకా వచ్చిన అన్నం

పేదవాళ్ళకి అన్నం పెట్టడం అనగానే మనకి గుర్తొచ్చేది క్యూ. గంజి కేంద్రం కానివ్వండి, ఐదు రూపాయల క్యాంటీన్ కానివ్వండి, అన్నదాన సత్రం కానివ్వండి, అన్నం ఒకచోట ఉంటుంది, ఆకలేసినవాడు అక్కడికి నడిచి రావాలి. మరి నడవలేనివాడి సంగతేంటి? ఈ చిన్న ప్రశ్నకి కొందరు ఆడవాళ్ళు వెతికిన జవాబే 'మీల్స్ ఆన్ వీల్స్'.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటన్ ప్రభుత్వం జనానికి చవగ్గా వేడి భోజనం పెట్టడానికి 'బ్రిటిష్ రెస్టారెంట్లు' తెరిచింది. 1943 నాటికి ఇవి 2,000 దాటాయి. మన అన్న క్యాంటీన్లకి ముత్తాతలన్నమాట. రేషన్ కూడా అందరికీ ఉంది. కాగితం మీద చూస్తే ఎవరూ పస్తుండకూడదు. కానీ బాంబులకి ఇల్లు పోయి, పిల్లలు యుద్ధానికి వెళ్ళిపోయి, అద్దె గదిలో ఒంటరిగా మంచం పట్టిన ముసలావిడకి రేషన్ కార్డు ఉండి ఏం లాభం? తెచ్చేదెవరు, వండేదెవరు?

అప్పుడు రంగంలోకి దిగింది మహిళా స్వచ్ఛంద దళం, డబ్ల్యూవీఎస్. 1938లో దీన్ని స్థాపించిన లేడీ రీడింగ్‌కి మన దేశంతో సంబంధం ఉంది. ఆవిడ మన వైస్రాయ్‌గా చేసిన (1921–26) లార్డ్ రీడింగ్ భార్య. పెళ్ళికి ముందు ఢిల్లీలో వైస్రాయ్ సిబ్బందిలో పనిచేసింది కూడా. 1943లో హెమెల్ హెంప్‌స్టెడ్ అనే ఊళ్ళో ఈ దళం వాళ్ళు ఇళ్ళకి భోజనాలు మోయడం మొదలెట్టారు. పాత పిల్లల బండ్లలో, చల్లారకుండా గడ్డి కుక్కి! యుద్ధం అయిపోయింది గానీ ముసలితనం, ఒంటరితనం అయిపోలేదుగా. అందుకని 1948 చట్టంలో ఇలాంటి సంస్థలకి మునిసిపాలిటీలు డబ్బు సాయం చేసే వీలు కల్పించారు.

తర్వాత 1954. ఒకే ఏడాది, రెండు ఖండాలు. జనవరిలో ఫిలడెల్ఫియాలో మార్గరెట్ టాయ్ అనే సామాజిక కార్యకర్త ఇదే పని మొదలెట్టింది. మోసింది ఎక్కువగా హైస్కూలు పిల్లలు. ఆగస్టులో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో డోరిస్ టేలర్ మొదలెట్టింది. ఈవిడ కథ నాకు మరీ నచ్చింది. తాపీమేస్త్రీ కూతురు. చిన్నప్పుడు తగిలిన దెబ్బ వల్ల చక్రాల కుర్చీకే పరిమితమైంది. రేవు కూలీల పేట పోర్ట్ అడిలైడ్‌లో మొదటి వంటిల్లు పెట్టింది. మొదటిరోజు తిన్నది ఎనిమిది మంది, వండి మోయడానికి వచ్చింది పదకొండు మంది! తిన్నవాళ్ళ దగ్గర కొద్దిపాటి డబ్బు తీసుకునేవారు. ఇది దానం కాదు, మీ భోజనం మీరు కొనుక్కుంటున్నారు అని చెప్పడానికి. నడవలేని మనిషికే నడవలేనివాళ్ళ ఆకలి తెలిసింది చూడండి.

1972లో అమెరికా ప్రభుత్వం వృద్ధుల పోషణకి చట్టం చేసి డబ్బు కేటాయించడం మొదలెట్టింది. ఇంతవరకూ బానే ఉంది. ఇక్కడే నాలాంటి ఇంజనీర్లకి చెయ్యి దురద పెడుతుంది. రోజూ ఒక మనిషి, ఒక బండి, ఒక పూట భోజనం ఏమిటండీ? ఏడు పూటలవి గడ్డకట్టించి వారానికోసారి పడేస్తే పెట్రోలు మిగుల్తుంది, మనుషులు మిగుల్తారు. కేలరీలు అవే కదా? చాలాచోట్ల నిజంగానే అలా చేశారు. 2010 తర్వాత బ్రిటన్‌లో ఖర్చుల కోత మొదలయ్యాక చాలా కౌన్సిళ్ళు సేవనే మూసేశాయి.

సరే, లెక్కలే కావాలంటే లెక్కలే చూద్దాం. 2015లో బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్ళు అమెరికాలో ఎనిమిది చోట్ల, భోజనం కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్న ముసలివాళ్ళని లాటరీ వేసినట్టు మూడు గుంపులు చేశారు. ఒకళ్ళకి రోజూ వేడి భోజనం, ఒకళ్ళకి వారానికోసారి గడ్డకట్టిన పొట్లాలు, ఒకళ్ళకి ఏమీ లేదు. రోజూ తలుపు తట్టించుకున్నవాళ్ళలో ఒంటరితనం, దిగులు మిగతా వాళ్ళకన్నా బాగా తగ్గాయి. తూలి పడిపోవడాలు కూడా తగ్గాయి. గడ్డకట్టిన పొట్లం ఆ పని అంతగా చెయ్యలేకపోయింది.

నాకర్థమైంది ఏంటంటే, ఆ బండిలో వెళ్ళేది అన్నం ఒక్కటే కాదు. "ఏం పెద్దాయనా, నిన్నటిది తినలేదేం? కాలు వాచిందేం?" అని అడిగే మనిషి కూడా వెళ్తోంది. తలుపు తియ్యకపోతే పక్కింటివాళ్ళని పిలిచే మనిషి. పట్నంలో పేదరికానికి చేతిలో డబ్బుల్లేకపోవడం సగమే, అడిగేవాళ్ళు లేకపోవడం మిగతా సగం. మొదటి సగానికి క్యాంటీన్లు, రేషన్లు చాలావరకు సరిపోతాయి. రెండో సగానికి మనిషే వెళ్ళాలి. ఆ పనిని ఖర్చు కింద రాసి కొట్టేసే ముందు, పాత పిల్లల బండిలో గడ్డి కుక్కి అన్నం తోసుకెళ్ళిన ఆ ఆడవాళ్ళని ఒక్కసారి తలుచుకుంటే మంచిది.