గదికి శ్రుతి చేసిన కథ

మృదంగమునకు ముఖములు రెండు. ఎడమ ముఖమున రవ్వపిండి తడిపి అద్ది మంద్రమును, కుడి ముఖపు అంచును రాతితో తట్టి తారమును సవరించుకొని, రెండును ఏకకంఠముగ పలుకునట్లు చేసికొనిన పిదపనే విద్వాంసుడు కచేరికి ఉపక్రమించును. లౌడ్‌స్పీకరు పెట్టె ధర్మమును ఇట్టిదే. అందలి వూఫర్ మంద్రస్వరములను, ట్వీటర్ తారస్వరములను పలుకును. వచ్చిన సంగీతమును పాయలుగ చీల్చి ఎవరి భాగమును వారి కందించు సాధనమునకు క్రాసోవర్ అని పేరు. అయితే ఈ పెట్టెకు మూడవ ముఖ మొకటి కలదు. అది దాని నుంచిన గది. మలయాదేశమున ధ్వనియంత్రముల చరిత్ర, నా దృష్టిలో, ఈ మూడవ ముఖమును గుర్తించుటకు పట్టిన కాలపు చరిత్రయే.

జొహోర్ ప్రభుత్వపు విద్యుత్ ఇంజనీరు ఎ. ఎల్. బర్చ్ 1921లో ఈ దేశమునకు తొలి రేడియోను తెచ్చెను. పెరాక్ రాష్ట్రమున బాగన్ డాటో ప్రాంతపు కొబ్బరితోటలందును, ఇతర ప్రాంతముల రబ్బరుతోటలందును కూలికి కుదిరిన మన తెలుగువారు రామమందిరములు కట్టుకొని భజనలు చేసికొనిరి. పాడువాని కంఠమునకును వినువాని చెవికిని నడుమ మూరెడు దూరమే యుండుటచే అచట యంత్రముతో పని లేకపోయెను. 1946 ఏప్రిల్ 1న రేడియో మలయా ఆరంభమైనది. 1949లో రీడిఫ్యూజన్ సంస్థ సింగపూరునందును కౌలాలంపూరునందును తీగల ద్వారా ఇంటింటికి కార్యక్రమముల నందించుచు, చిన్న స్పీకరు పెట్టెలను అద్దె కిచ్చినది. మలయా ఆంధ్ర సంఘము 1955లో ఏర్పడునాటికి స్పీకరు ఈ దేశపు జనజీవనమున వింతవస్తువు కాదు.

ఆ మధ్యకాలముననే, 1948 నుండి 1960 దాకా సాగిన అత్యయిక పరిస్థితిలో, బ్రిటిషు ప్రభుత్వము విమానములకు లౌడ్‌స్పీకర్లు బిగించి, అడవులలో దాగిన కమ్యూనిస్టు గెరిల్లాలను లొంగిపొండని ఆకసమునుండి పిలిపించెను. ఆకసమున గోడలు లేవు. ఆరుబయట దూరము రెట్టింపైనపు డెల్ల శబ్దము 6 డెసిబెళ్ళు తగ్గును గాన, అచట బలము పెంచుటే ఉపాయము. గోడలు గల చోటికిని ఆ ఉపాయమునే కొనిపోవుటలో పొరపాటు మొదలైనది.

20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు గల రేకుల కప్పు హాలు నొకదానిని ఊహింపుడు. సిమెంటు నేల, సున్నపు గోడలు. దాని ఘనపరిమాణము 1200 ఘనమీటర్లు. అందలి తలములన్నియు కలిసి 60 చదరపు మీటర్ల తెరచిన కిటికీతో సమానముగ శబ్దమును మ్రింగు ననుకొందము. హార్వర్డు ఆచార్యుడు వాలెస్ సబైన్ 1895 మొదలుగ రాత్రివేళ నాటకశాలనుండి దిండ్లు మోయించి తెచ్చి, ఆర్గన్ గొట్టము నూది, గడియారము పట్టి కనుగొనిన సూత్రము ప్రకారము, ఆ హాలులో పలికిన పలుకు అణగుటకు 3.2 సెకండ్లు పట్టును. మాట స్పష్టముగ వినబడవలెనన్న ఒక సెకండు దరిదాపున అణగవలెను. పోతన పద్యమైనను, పెండ్లి మంత్రమైనను, ఒక అక్షరము చావకముందే మరి నాలు గక్షరములు దానిపై పడును. అట్టిచోట వాల్యూము పెంచిన కలకలమే పెరుగును. నూరుగురు జనము వచ్చి కూర్చున్నచో అదే హాలు రెండు సెకండ్లకు లోబడును. మనుష్యుని మేనిబట్ట గదికి మొదటి ఔషధము.

1970ల తొలినాళ్ళలో పినాంగు ద్వీపమున బయాన్ లెపాస్ పారిశ్రామిక మండలము వెలసి, ఇంటెల్, హ్యూలెట్ పాకర్డ్, బాష్, క్లారియన్ మున్నగు సంస్థలు అచట కర్మాగారములు నెలకొల్పినవి. హ్యూలెట్ పాకర్డ్ సంస్థలోనే అమెరికాయందు పనిచేయుచుండిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1976లో ప్రకటించిన వ్యాసము క్రాసోవర్ విద్యకు మలుపైనది. సహోద్యోగి రస్ రైలీ పేరితో కలిపి లింక్‌విట్జ్–రైలీ అని పిలువబడు ఆ పద్ధతిలో, పాయలు చీలు స్థానమున వూఫర్, ట్వీటర్ రెండును 6 డెసిబెళ్ళు తగ్గి, కలిసినపుడు పూర్వపు బలమునే నిలుపును. ఆనాడు టంకము పెట్టి కెపాసిటర్లతో కట్టవలసిన ఆ గణితమును నేడు కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ చేయుచున్నది. ఒక స్పీకరు 34 సెంటీమీటర్లు వెనుకనున్న, రెండవదానిని ఒక మిల్లీసెకండు ఆలస్యముగ పలికించి, రెంటిని ఒక వరుసకు తెచ్చుచున్నది.

గదిని సరిదిద్దు విద్యయు అట్లే పెరిగినది. మైకు కుయ్యిమనుట నణచుటకు టెక్సస్ ఆచార్యుడు సి. పి. బోనర్ 1960లలో సన్నని ఫిల్టర్లను పన్నెను. 2000లో పార్మా విశ్వవిద్యాలయపు ఏంజెలో ఫారినా, మంద్రమునుండి తారమునకు జారిపోవు ఒక్క ఈలతో గది స్వభావ మంతయు కొలుచు మార్గమును విశదీకరించెను. నేడు జాన్ మల్కాహీ రచించి ఉచితముగ నందించిన రూమ్ ఈక్యూ విజార్డ్‌తో, చెవియెత్తున మైకు నిలిపి, 20 నుండి 20,000 హెర్ట్జుల దాకా ఆ ఈలను నడిపినచో, గది గుట్టు తెరమీద గీతయై లేచును. ఎదురెదురు గోడల నడుమ 4 మీటర్లున్న గదిలో 43 హెర్ట్జుల చెంత గుట్టవలె ఉబ్బు కనబడవచ్చును. ఆ ఒక్కచోట తగ్గించిన, గుంయిమను మంద్రము విడివడి ఒక్కొక్క దెబ్బయు వేరుగ వినవచ్చును.

కాని గుట్టను తీయగల సాఫ్ట్‌వేర్ గోతిని పూడ్పజాలదు. గోడనుండి మరలిన తరంగము అసలు తరంగమును రద్దుచేసిన తావున ఎంత బలము పోసినను ఇసుకలో పోసిన నీరే. పలుకు త్వరగ అణగక గదిలో నిలుచు దీర్ఘమైన అనురణనమును సైతము సాఫ్ట్‌వేర్ హరింపలేదు. 1998 ఆగస్టు 17న కౌలాలంపూరు జంట గోపురముల నడుమ తెరువబడిన ఫిల్‌హార్మొనిక్ మందిరమున కప్పు పలకలనే కదల్చి గదిని మార్చునట్లు నిర్మించుట ఇందుకొరకే.

కావున మలేషియాలోని మన మందిరముల పెద్దలకును, ఇండ్లలో సంగీతము వినువారికిని నా విన్నప మిది: మరింత పెద్ద స్పీకరు కొనుటకు ముందు గదిని కొలువుడు; నేలపై చాపలు, గోడలకు తెరలు వేయుడు; పెట్టెల తావు మార్చి చూడుడు. ఆ పిమ్మటనే సాఫ్ట్‌వేర్‌ను తాకుడు.