బెర్నార్డిన్ గర్భస్థ శిశువును మరచిపోయారా?

షికాగో ఆర్చిబిషప్‌గా పనిచేసిన కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్ 1996లో ప్రభువునందు నిద్రించారు. ఇన్నేళ్లు గడిచినా ఆయన పేరు ఎత్తగానే ఒక నింద వెంట వస్తుంది. గర్భస్రావాన్ని పది సమస్యల్లో ఒకటిగా చేసి, గర్భస్థ శిశువుల పక్షాన జరిగే పోరాటాన్ని నీరుగార్చింది ఈయనేనని. అమెరికాలో ఉంటున్న మన తెలుగు విశ్వాసులు కొందరు మాతో ఈ మాటే అన్నారు. మేము కాథలిక్కులము కాము. రోమా సంఘంతో మాకున్న సిద్ధాంత భేదాలు ఈ పేజీ చదివేవారికి కొత్త కావు. అయితే నిర్గమకాండము 20:16లోని ఆజ్ఞ మన సంఘ సభ్యుల విషయంలోనే వర్తిస్తుందని ఎక్కడా లేదు. కాబట్టి ఈ మనిషి నిజంగా ఏం చేశారో చూద్దాం.

బెర్నార్డిన్ 1928లో దక్షిణ కరోలినా రాష్ట్రంలోని కొలంబియాలో, ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. తండ్రి రాళ్లు చెక్కే పనివాడు. బిడ్డకు ఆరేళ్లప్పుడే ఆయన చనిపోతే, తల్లి కుట్టుపని చేసి ఇద్దరు పిల్లలను పెంచింది. 1952లో గురువు అయ్యారు, 1966లో అట్లాంటా సహాయ బిషప్, 1972లో సిన్సినాటి ఆర్చిబిషప్, 1982లో షికాగో ఆర్చిబిషప్. మధ్యలో 1974 నుంచి 1977 వరకు అమెరికా కాథలిక్ బిషపుల సభకు అధ్యక్షులుగా ఉన్నారు. ఆయనను విమర్శించేవారు సాధారణంగా దాటవేసేది ఈ మూడేళ్లనే.

అంతకు కొద్దికాలం ముందు, 1973 జనవరి 22న, అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా ప్రకటించింది. ఏం చేయాలో చాలా సంఘాలకు పాలుపోలేదు. ప్రొటెస్టంట్లలో అనేకులు అది కాథలిక్కుల గొడవ అని ఊరుకున్నారు. ఇది మనం సిగ్గుపడుతూ ఒప్పుకోవలసిన సంగతి. బెర్నార్డిన్ అధ్యక్షులుగా ఉండగానే, 1975 నవంబరులో, బిషపులు ప్రాణరక్షణకు దేశవ్యాప్త ప్రణాళికను ఆమోదించారు. ప్రజలకు బోధించడం, కష్టంలో ఉన్న గర్భిణులను ఆదుకోవడం, చట్టాన్ని మార్చడానికి పనిచేయడం అనే మూడూ అందులో ఉన్నాయి.

మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికలు. 1976 ఆగస్టు చివరిలో బెర్నార్డిన్, మరికొందరు బిషపులు డెమొక్రాటిక్ అభ్యర్థి జిమ్మీ కార్టర్‌ను కలిశారు. తనకు గర్భస్రావం ఇష్టం లేదు గానీ, దాన్ని ఆపే రాజ్యాంగ సవరణకు మద్దతు ఇవ్వనన్నారు కార్టర్. బయటికి వచ్చి బెర్నార్డిన్ తమకు నిరాశే మిగిలిందని పత్రికలవారికి చెప్పారు. సెప్టెంబరులో జెరాల్డ్ ఫోర్డ్‌ను కలిసినప్పుడు మాత్రం ప్రోత్సాహం కలిగిందన్నారు. అంతే, దుమారం లేచింది. ఒక్క సమస్య కోసం బిషపులు ఒక పార్టీకి అమ్ముడుపోయారని పత్రికలు, సొంత సంఘంలోని వారు కూడా దుయ్యబట్టారు. తాము ఏ అభ్యర్థినీ బలపరచడం లేదని బిషపులు వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 1976లో ఈయన మీద వచ్చిన నింద, గర్భస్రావం తప్ప ఈయనకు ఇంకేమీ కనబడదని. పదేళ్లు తిరక్కుండానే వచ్చిన నింద, గర్భస్రావాన్ని ఈయన తేలిక చేశాడని.

ఈ రెండో నిందకు మూలం ఒక ఉపన్యాసం. అణ్వాయుధాల మీద అమెరికా బిషపులు 1983 మే నెలలో వెలువరించిన లేఖను తయారుచేసిన కమిటీకి బెర్నార్డిన్ అధ్యక్షుడు. అదే ఏడాది బిషపుల ప్రాణరక్షణ కమిటీ బాధ్యత కూడా ఆయన చేతికి వచ్చింది. డిసెంబరు 6న న్యూయార్క్‌లోని ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఆయన ఈ రెంటినీ కలిపి మాట్లాడారు. నిరపరాధి ప్రాణాన్ని నేరుగా తీయడం ఎప్పుడూ తప్పే అన్నది మూలసూత్రం. తల్లి గర్భంలో ఉన్న శిశువును చంపకూడదని చెప్పేది ఆ సూత్రమే, బాంబులతో నగర ప్రజలను చంపకూడదని చెప్పేదీ ఆ సూత్రమే. ఒకచోట దాన్ని గట్టిగా పట్టుకొని ఇంకొకచోట వదిలేస్తే లోకం మన మాట ఎందుకు వినాలి? ఆయన వాదన సారం ఇది. పుట్టబోయే బిడ్డ హక్కు కోసం నిలబడేవారు, పుట్టిన తరువాత ఆకలితో ఉన్నవారి పక్షాన, ఇల్లు లేనివారి పక్షాన కూడా అంతే స్పష్టంగా కనబడాలని కూడా అన్నారు.

దీనికి యోహాను 19:23లోని కుట్టులేని అంగీ పేరు అంటుకుంది. ఆ పేరే కొంత చేటు చేసిందని మా అభిప్రాయం. అన్నీ ఒకే గుడ్డ అంటే, అన్నిటి బరువూ ఒకటే అనిపిస్తుంది. కానీ ఆయన అలా అనలేదు. ఈ సమస్యలు వేర్వేరనీ, ఒక్కొక్కదాన్ని విడిగా పరిశీలించాలనీ ఆ ఉపన్యాసంలోనే ఉంది. మరణశిక్ష విధించే అధికారం ప్రభుత్వానికి ఉందని సంఘం పూర్వం నుంచి ఒప్పుకుందనీ, అయినా దాన్ని ఇప్పుడు వాడకూడదని తాము కోరుతున్నామనీ విడమరచి చెప్పారు. గర్భస్రావానికి అలాంటి మినహాయింపు ఏదీ ఇవ్వలేదు. 1984లో సెయింట్ లూయిస్‌లో మాట్లాడుతూ, ప్రతి ఒక్కరూ ప్రతి పనినీ నెత్తిన వేసుకోవాలని తన ఉద్దేశం కాదన్నారు.

విమర్శకుల మాటలో నిజమే లేదా? ఉంది. గర్భస్రావ హక్కుకు ఓటు వేసిన రాజకీయ నాయకులు కొందరు, పేదల పథకాలకు కూడా ఓటు వేశాం గనుక మా లెక్క సరిపోయిందని ఈ బోధను గొడుగులా పట్టుకున్నారు. అది జరుగుతుందని బెర్నార్డిన్ ముందే ఊహించి ఇంకా కట్టుదిట్టంగా మాట్లాడవలసింది. అయితే ఆయన మౌనంగా ఉండిపోలేదు. 1988లో ఒక కాథలిక్ వారపత్రికతో మాట్లాడుతూ, గర్భస్రావం అంత ముఖ్యం కాదన్న అభిప్రాయం కలిగించడానికి కొందరు తన బోధను వాడుకుంటున్నారనీ, అది దుర్వినియోగమేననీ, దాన్ని ఖండిస్తున్నాననీ తేటగా చెప్పారు. ఒకరి మాటను ఇంకొకరు వక్రీకరిస్తే ఆ పాపం మాట చెప్పినవాడి ఖాతాలో రాయడం న్యాయమా?

మా సేవలో ఒకసారి గర్భస్రావం మీద గట్టిగా ప్రసంగించి వేదిక దిగాము. ఒక సహోదరి వచ్చి, "అయ్యగారూ, మూడోది కూడా ఆడపిల్లేనని మా అత్తగారు గడప తొక్కనివ్వడం లేదు, ఆవిడా మన సంఘమే" అంది. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. బెర్నార్డిన్ అడిగిన ప్రశ్న మాకు అప్పుడు అర్థమైంది.

1995 మార్చిలో రెండో జాన్ పాల్ పోపు ప్రాణపు విలువ మీద రాసిన లేఖలో గర్భస్రావాన్ని, వైద్యం పేరిట రోగిని చంపడాన్ని తీవ్రంగా ఖండించారు. మరణశిక్ష అవసరమయ్యే సందర్భాలు దాదాపు లేవనీ అదే లేఖలో రాశారు.

ఆ ఏడాది జూన్‌లో బెర్నార్డిన్‌కు క్లోమగ్రంథి క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. రోగి చనిపోవడానికి వైద్యుడు సహాయపడవచ్చా అన్న వ్యాజ్యం అప్పుడు అమెరికా సుప్రీంకోర్టు ముందుంది. 1996 నవంబరులో, మంచం పట్టి ఉన్న ఆ స్థితిలోనే, చావుకు దగ్గరైన మనిషిగా ఆయన న్యాయమూర్తులకు లేఖ రాశారు. అలాంటి హక్కును సృష్టించవద్దని వేడుకున్నారు. నవంబరు 14న కన్నుమూశారు. 1997 జూన్ 26న, అలాంటి హక్కు రాజ్యాంగంలో లేదని కోర్టు తీర్పు చెప్పింది.