ఎథెల్ వాటర్స్: భోజనవేళ పాట

1933 వ సంవత్సరము సెప్టెంబరు 30 వ తేదీ రాత్రి న్యూయార్కు నగరమునందలి మ్యూజిక్ బాక్స్ నాటకశాలలో ‘ఆజ్ థౌజండ్స్ చీర్’ అను సంగీతరూపకము ప్రదర్శింపబడెను. పాటలు కట్టినవాడు ఇర్వింగ్ బెర్లిన్; మాటలు వ్రాసినవాడు మాస్ హార్ట్. అది వార్తాపత్రికవంటి కూర్పు. ముందుగా నొక శీర్షిక కనబడును. దానికి దగిన హాస్యమో పాటయో వెంటనే నడచును. ధనికుల యిండ్లలోని ముచ్చటలు, అధ్యక్షభవనము విడిచిపోవుచున్న హూవరు దంపతుల సణుగుడు, కడకు మన గాంధి మహాత్ముని నిరశనవ్రతము సైతము అందు పరిహాసమునకు వచ్చినవి. నవ్వులిట్లు సాగుచుండగా నింకొక శీర్షిక వచ్చెను: పేరు తెలియని నల్లజాతివా డొకడు మూకచే చంపబడినాడు. పిమ్మట నొక స్త్రీ భోజనపు బల్ల సర్దుచు కనబడెను. వేళయైనది, పిల్లలకు వడ్డింపవలెను, వారి తండ్రి యిక రాడు, ఆ మాట వారితో నెట్లు చెప్పుట? పాటయంతయు నింతియే. ‘సప్పర్ టైమ్’, అనగా రాత్రి భోజనవేళ, అని దాని పేరు. పాడినది ఎథెల్ వాటర్స్.

ఈమె 1896 అక్టోబరు 31 వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి చెస్టరులో జన్మించెను. తల్లి యప్పటికి బాలిక. బలాత్కారమునకు లోనై యీ శిశువును గన్నది. పెంచినది అమ్మమ్మ శాలీ ఆండర్సన్. ఆ వృద్ధురాలు పరుల యిండ్లలో పాచిపని చేసి పొట్టపోసికొనునది. ఒకరి పిల్లలకు వండిపెట్టుచు తన యింటి పిల్లలను వీధికి విడువవలసివచ్చిన బ్రతుకది. తనకు బాల్యమే లేదని, ఇంటివారెవ్వరును తన్ను లాలింపలేదని ఎథెల్ 1951 లో వెలువరించిన స్వీయచరిత్రయందు వ్రాసికొన్నది. పదుమూడవ యేట నామెకు పెండ్లియైనది; మగడు కొట్టుచుండగా విడిచివచ్చినది. బాల్యవివాహము మన దేశపు దురాచారమని మాత్రమే యెఱిగినవారు దీనిని గమనింతురు గాక. పిదప ఫిలడెల్ఫియాలో నొక హోటలునందు గదులు తుడుచు పనికి గుదిరినది. జీతము వారమునకు 4 డాలర్ల 75 సెంట్లు.

ఒక పుట్టినరోజు రాత్రి స్నేహితులు బలవంతపెట్టగా అదే నగరమున నొక పానశాలలో రెండు పాటలు పాడెను. విన్నవారు మెచ్చిరి. బాల్టిమోరులోని లింకన్ నాటకశాలలో వారమునకు 10 డాలర్లకు పని దొరకెను. మనిషి సన్నగా పొడవుగా నుండుటచే చిక్కుడుకాయ యని ముద్దుపేరు పెట్టిరి. అట్లాంటాలో ప్రఖ్యాత గాయని బెస్సీ స్మిత్ ఉన్న రంగమందే యీమెకును పాడవలసివచ్చెను. తానున్నచోట మఱియొకతె బ్లూస్ అను దుఃఖగీతములు పాడరాదని బెస్సీ పట్టుపట్టెను. ఎథెల్ సరేయని వేఱు పాటలు మొదలిడగా సభికులే యొప్పుకొనక బ్లూస్ కావలెనని కేకలు వేసిరట.

బెస్సీ కంఠము గోడలు మ్రోగించునది. ఎథెల్ బలము ఉచ్చారణమునం దుండెను. మాటను మ్రింగదు. కథ చెప్పుచున్నదో పాడుచున్నదో వినువారికి తెలియకుండ నడిపించును. ఒక పదమును రవంత నిలిపి పలికి, మఱియొకదానిని ముందునకు ద్రోసి, తాళముతో నాడుకొనును. జాజ్ గానమున తరువాత సామాన్యమైన యీ నేర్పు ఆ దినములలో క్రొత్తది. అంతకన్న ముఖ్యమేమనగా, బ్లూస్ మాత్రమే నల్లజాతి స్త్రీకి తగినదని యెంచు కాలమున ఆమె బజారునం దందఱు పాడుకొను గీతములను గూడ చేపట్టెను. 1925 లో ‘డైనా’ అను పాట నామె యట్లే ప్రసిద్ధికి తెచ్చెను. నేడు బిల్లీ హాలిడే, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పేరులే లోకమున నెక్కువగా వినబడుచున్నవి. వారి కంటె ముందే ఆ త్రోవ ద్రొక్కినది ఈమె.

ఇందొక చిన్న సంగతి చెప్పక విడువరాదు. 1921 లో హ్యారీ పేస్ అను నల్లజాతి విద్యావంతుడు న్యూయార్కులో ‘బ్లాక్ స్వాన్’ అను గ్రామఫోను సంస్థను నెలకొల్పెను. జాతికి గౌరవము తేవలెనని ఆయన కోరిక. ఎథెల్ పాడవచ్చినపుడు ఆమెచే సామాన్యగీతములు పాడింపవలెనా, సంస్కారవంతమైనవి పాడింపవలెనా యని చాలసేపు తర్జనభర్జనలు జరిగినవని ఆమెయే చెప్పినది. కట్టకడపట ‘డౌన్ హోమ్ బ్లూస్’ పాడింపగా ఆ రికార్డు విశేషముగా అమ్ముడుపోయెను. పాటను మర్యాదతో తూచు వ్యాధి చదివిన సంస్కర్తలకు అన్ని దేశములందును గలదు. మనమును దానికి వెలియైనవారము కాము.

1933 వసంతమున హార్లెములోని కాటన్ క్లబ్బునం దామె ‘స్టార్మీ వెదర్’ అను పాట పాడెను. ఆ క్లబ్బులో పాడువారు నల్లవారు, కూర్చుండి వినువారు తెల్లవారు. తన రెండవ సంసారమును చెడిపోవుచుండగా ఆ బాధనంతయు నందు పోసితినని ఆమె చెప్పుకొన్నది. విన్న బెర్లిన్ తన రూపకమునకు పిలిచెను. ఆ రూపకము న్యూయార్కునకు రాకముందు ఫిలడెల్ఫియాలో ఆడిరి. ఒకప్పుడామె గదులు తుడిచిన యూరది. అక్కడ తెల్లనటులు ఆమె ప్రక్కన నిలిచి సభకు వందనము చేయ నొల్లమనిరట. అట్లైన నెవ్వరును వందనము చేయనక్కఱలేదని బెర్లిన్ అనగా మరునాడు దిగివచ్చిరని చెప్పుదురు. వినోదమునకు వచ్చినవారియెదుట నింత దుఃఖమేల యని ‘సప్పర్ టైమ్’ను తీసివేయజూచినవారును గలరు. అది నిలిచెను. కడుపునిండ తిని, మంచి బట్టలు కట్టి వచ్చినవారికి తన జాతి కథ చెప్పుచున్నానని తలచి యామె దానిని పాడెను. అందు ఉరిత్రాడు కనబడదు, హంతకులు కనబడరు. కంచములు మాత్రమే కనబడును. అట్టి కంచములను శాలీ అమ్మమ్మ జీవితమంతయు పరుల యిండ్లలో కడిగినది.

తరువాతి కీర్తిని గుఱించి విస్తరింప పనిలేదు. 1939 లో ‘మాంబాస్ డాటర్స్’ నాటకమున తల్లి వేషమునకు తెఱ పదునేడుమారులు లేచెను. 1949 నాటి ‘పింకీ’ చిత్రమునందలి నటనకు ఆమె పేరు ఆస్కార్ బహుమానపు పరిశీలనకు వచ్చెను. ఆ వేషము చాకిరేవు పని చేయు నొక యమ్మమ్మది. 1950 నాటి ‘ది మెంబర్ ఆఫ్ ది వెడ్డింగ్’ నాటకములో వంటలక్క. ఆ సంవత్సరమే ప్రారంభమైన ‘బ్యూలా’ టెలివిజను కథలలో పనిమనిషి. ఈ కడపటి వేషము తన జాతికి చిన్నతనము తెచ్చునని యామె కొంతకాలమునకే విడిచెను. అంతకుముందే విడువలేదేమని యడుగువారు, ఆమెకు వేఱు వేషము లెవరిచ్చిరో కూడ చెప్పవలెను.

1957 తరువాత బిల్లీ గ్రహాము మతసభలలో భక్తిగీతములు పాడుచు కాలము గడపి, 1977 సెప్టెంబరు 1 వ తేదీన కాలిఫోర్నియాలో మరణించెను. మూకహత్యలను శిక్షించుటకు 1922 లోనే ప్రతినిధిసభ యొక శాసనమును అంగీకరించియుండెను. దక్షిణరాష్ట్రముల సభ్యులు సెనేటులో దానిని సాగనీయలేదు. ఆమె కన్నుమూయునాటికి అట్టి కేంద్రశాసనము పుట్టలేదు. 1955 లో పదునాలుగేండ్ల వయసున చంపబడిన ఎమ్మెట్ టిల్ అను బాలుని పేర, 2022 మార్చి నెలలో గాని అది అమలునకు రాలేదు.