సెమాంటిక్ వెబ్: ఉమ్మడి అర్థం కోసం జరిగిన ప్రయత్నం

2001 మే నెల 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో టిమ్ బెర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లసిలా రాసిన ప్రసిద్ధ వ్యాసం ఒక చిన్న కథతో మొదలవుతుంది. తల్లికి ఫిజియోథెరపీ అవసరమవుతుంది. లూసీ ఆ పనిని తన సాఫ్ట్‌వేర్ ఏజెంటుకు అప్పగిస్తుంది. అది వైద్యుని ఏజెంటును అడిగి చికిత్స వివరాలు తెలుసుకుంటుంది. బీమా వర్తించే, ఇంటికి 20 మైళ్ళలోపు ఉన్న వైద్యులను వెతుకుతుంది. లూసీకీ పీట్‌కీ వీలైన వేళలను సరిపోలుస్తుంది. లూసీ పీట్‌కు 'సిస్టర్'. అక్కో చెల్లెలో ఆంగ్ల మూలం చెప్పదు. తెలుగులోకి తెచ్చేవారు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. యంత్రాల మధ్య ఉమ్మడి అర్థం అనే సమస్యకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఏజెంట్లకు కావలసింది తెలివి కన్నా ముందు ఒడంబడిక. ఈ సంగతి వెబ్ విస్తరించక ముందే పరిశోధకులు గుర్తించారు. 1990ల ఆరంభంలో అమెరికాలో రూపొందిన కె.క్యూ.ఎం.ఎల్. అనే సందేశభాషలో, లోపలి మాటలను ఏ ఆంటాలజీ ప్రకారం గ్రహించాలో తెలిపేందుకు ప్రత్యేకంగా ఒక గడి ఉండేది. ఒక రంగంలోని భావనలను, వాటి సంబంధాలను స్పష్టంగా నిర్వచించుకున్న పట్టికే ఆంటాలజీ అని స్థూలంగా చెప్పవచ్చు. టామ్ గ్రూబర్ 1993లో ఇచ్చిన నిర్వచనం ఈ రంగంలో స్థిరపడింది. శబ్దార్థ సంబంధం సంకేతమూలకమన్న నైయాయికులకు ఇది కొత్తగా తోచేది కాదు. ఆ సంకేతాన్ని ఎవరు ఏర్పరచాలన్నదే చిక్కు.

1999లో ఆర్.డి.ఎఫ్., 2004లో ఔల్ ప్రమాణాలు వెలువడ్డాయి. వ్యాకరణం సిద్ధమైంది, నిఘంటువు మాత్రం కుదరలేదు. ఈ ఆలోచన చాలావరకు నెరవేరలేదని 2006లో షాడ్‌బోల్ట్, వెండీ హాల్‌లతో కలిసి బెర్నర్స్-లీయే అంగీకరించాడు. 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి 'స్కీమా.ఆర్గ్' పదజాలాన్ని ప్రకటించాక వెబ్‌సైట్లు దాన్ని విస్తృతంగా స్వీకరించాయి. అది తర్కబలం కన్నా శోధనయంత్రాల అంగబలం సాధించిన ఒప్పందమని నా అభిప్రాయం.

2012లో మొదలైన వికీడేటా మార్గం వేరు. అక్కడ నిర్ణయం సంపాదకుల చర్చలో జరుగుతుంది. అందులో మొదట సోదరుడు, సోదరి అని రెండు వేరు ధర్మాలుండేవి. తరువాత వాటి స్థానంలో లింగభేదం లేని 'సిబ్లింగ్' ఒక్కటే నిలిచింది. ఆంగ్లానికి దీనివల్ల నష్టం లేదు: వ్యక్తి లింగం విడిగా నమోదై ఉంటుంది కనుక బ్రదరో సిస్టరో యంత్రం ఊహించుకోగలదు. తెలుగుకు వయోభేదం కూడా కావాలి. జననతేదీలుంటే అదీ తేలుతుంది. కానీ మన మధ్యయుగ చరిత్రలో అవి దొరకడం అరుదు. కాకతీయ రుద్రదేవుని తమ్ముడు మహాదేవుడు. ఇద్దరి జనన సంవత్సరాలూ తెలియవు, ఎవరు పెద్దో మాత్రం తెలుసు. 'తోబుట్టువు' అని నమోదైన క్షణంలో ఆ తెలిసిన విషయం జారిపోతుంది. 'తమ్ముడు' అన్న విశేషణాన్ని అదనంగా చేర్చే వీలు వికీడేటాలో ఉంది. అయితే అది ఐచ్ఛికం, దాన్ని చేర్చవలసింది మూలాలు చదవగలిగినవారే.