అంబాసిడర్ కారు ఫ్యాన్ బెల్టు మార్పిడి

ఫ్యాన్ బెల్టు అనగా కారు ఇంజను ముందుభాగమున ఉండి, ఇంజను తిరిగే శక్తిని ఫ్యానుకు, నీటి పంపుకు, డైనమోకు అందజేసే రబ్బరు పట్టీ. హిందుస్తాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 2014 వరకు తయారు చేసిన అంబాసిడర్ కారులో ఈ బెల్టును యజమాని స్వయంగా మార్చుకోవచ్చు. ఈ వ్యాసం 1489 ఘనపు సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, డైనమో గల పాత కార్లకు సంబంధించినది.

బెల్టు పనిచేయు విధానం

ఈ బెల్టు అడ్డుకోత పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. బెల్టు పక్క అంచులు పుల్లీ గాడి గోడలకు ఒరుసుకొనుట వలన శక్తి ప్రసారమగును. అరిగిన బెల్టు గాడి అడుగును తాకినచో పట్టు తప్పి జారిపోవును. ఈ ఇంజనులో ఫ్యాను, నీటి పంపు ఒకే ఇరుసు మీద ఉన్నందున, బెల్టు తెగినచో రెండూ ఒకేసారి ఆగిపోవును. డైనమో కూడా ఆగుట వలన బ్యాటరీకి ఛార్జింగు అందదు. ఎదుటి పలకపై ఎర్రదీపము వెలుగును. అప్పుడు ఇంజనును వెంటనే ఆపవలెను. వేడెక్కిన ఇంజనును అట్లే నడిపినచో హెడ్ గాస్కెట్టు చెడిపోవచ్చును. వేడిగా ఉండగా రేడియేటరు మూత తీయరాదు.

మార్చవలసిన సూచనలు

* బెల్టు లోపలివైపు పగుళ్లు, అంచులలో పోగులు లేచుట.
* పక్కలు నున్నగా మెరయుట, ఇంజను వేగం పెంచినప్పుడు కీచుమను శబ్దము.
* నూనె పడి రబ్బరు ఉబ్బుట. దీనికి కారణమైన కారుటను ముందుగా సరిచేయనిదే కొత్త బెల్టు కూడా నిలువదు.

మార్చే పద్ధతి

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత తాళంచెవి తీసివేసి, బ్యాటరీ ఎర్తు తీగను విప్పవలెను. డైనమోను పట్టి ఉంచే బోల్టులను, బిగువు సవరించే పట్టీ బోల్టును పానాతో వదులు చేసి, డైనమోను ఇంజను వైపునకు నెట్టవలెను. వదులైన బెల్టును పుల్లీల నుండి తప్పించి, ఫ్యాను రెక్కల మీదుగా ఒక్కొక్కటిగా దాటించి బయటకు తీయవలెను. కొత్త బెల్టును ఇదే దారిన ఎక్కించవలెను. స్క్రూడ్రైవరుతో బలవంతముగా ఎక్కించినచో లోపలి దారాలు తెగవచ్చును.

తరువాత డైనమోను బయటకు లాగి బోల్టులు బిగించవలెను. పుల్లీల మధ్య అన్నింటికంటే పొడవైన భాగమును వేలితో నొక్కినప్పుడు బెల్టు సుమారు అర అంగుళము (13 మి.మీ.) కదలవలెను. మరీ బిగువైనచో నీటి పంపు, డైనమోల బేరింగులు త్వరగా అరుగును. కొత్త బెల్టు కొంత సాగును కనుక, కొద్దిరోజులు నడిపిన పిమ్మట బిగువును మరల చూడవలెను.

జాకీ వాడకంలో జాగ్రత్తలు

పై పని సాధారణముగా బానెట్టు ఎత్తి పైనుండే చేయవచ్చును. కారును లేపనవసరము లేదు. నూనె ఎక్కడ కారుచున్నదో చూచుటకు, లేదా అడుగున మరేదైనా పని ఉన్నప్పుడు మాత్రమే జాకీ అవసరమగును. జాకీ కారును లేపుటకే గాని మోయుటకు కాదు. కేవలము జాకీపై నిలిచిన కారు కిందికి ఎన్నడూ వెళ్లరాదు. ఈ కారు బరువు ఒక టన్నుకు పైగా ఉంటుంది. హైడ్రాలిక్ జాకీలో సీలు చెడినచో నూనె కారి కారు దిగిపోవును. మర జాకీ ఒరిగినచో జారిపోవును. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ముందుగా తెలియకుండానే పగులును గనుక వాటిని ఆధారముగా ఉంచరాదు.

అంబాసిడర్‌లో హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలకు మాత్రమే పనిచేయును. వెనుక రెండు చక్రాలు లేపినప్పుడు నేలపై ఉన్న ముందు చక్రాలకు బ్రేకు ఉండదు. ఒక వెనుక చక్రమునే లేపినను గేరును నమ్మరాదు. డిఫరెన్షియల్ వలన గాలిలోని చక్రము తిరుగుచుండగా నేలపై ఉన్న చక్రము కదిలిపోగలదు. కావున ఈ క్రమమును పాటించవలెను:

# కారును గట్టి, సమతల నేలపై నిలిపి, లోపల ఎవరూ లేకుండా చూచి, హ్యాండ్ బ్రేకు వేయవలెను.
# నేలపై ఉండబోవు చక్రాలకు ముందు, వెనుక చెక్క దిమ్మెలు అడ్డుపెట్టవలెను.
# చక్రము తీయవలసి ఉన్నచో, లేపుటకు ముందే దాని నట్లను కొద్దిగా వదులు చేయవలెను.
# జాకీని గట్టి భాగము కిందనే ఉంచవలెను. నూనె తొట్టి, రేడియేటరు, పలుచని అడుగు రేకు కింద ఉంచరాదు.
# లేపిన పిమ్మట తగిన బరువు మోయగల ఇనుప స్టాండ్లను ఇరుప్రక్కలా పెట్టి, కారును వాటిపైకి దించవలెను.
# కారును చేతితో కదిపి, స్టాండ్లు నిలకడగా ఉన్నవని తేలిన తరువాతనే కిందికి వెళ్లవలెను. తీసిన చక్రమును కారు అంచు కింద పడుకోబెట్టినచో అది అదనపు రక్షణ.

పని ముగిసిన పిమ్మట పనిముట్లు, మనుషులు బయటకు వచ్చినదీ లేనిదీ చూచి, కారును కొద్దిగా లేపి స్టాండ్లు తొలగించి, నెమ్మదిగా దించవలెను. చక్రము నట్లను నేలపై దించిన తరువాత మరల పూర్తిగా బిగించవలెను.